చివరి మూడొందల మీటర్లు

చెన్నై తీరం నుంచి రేణిగుంటకు రైలు దారిలో సుమారు 135 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన, సింగపూర్ నుంచి సముద్రం అడుగున వచ్చి చెన్నైలో గట్టెక్కిన సమాచారం మన జంక్షన్‌కు చేరడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. అక్కణ్నుంచి గాజులమండ్యం పక్క పల్లెలో వీధి చివరి ఇంటికి చేరాలంటే మాత్రం ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. తీగ తెగింది. కేబులాయన పెళ్లికి పోయినాడు. నిచ్చెన ఇంకెవరో పట్టుకుపోయినారు.

దూరం అసలు సమస్యే కాదని రేణిగుంటను చూస్తే తెలుస్తుంది. మద్రాసు రైల్వే 1862లోనే ఇక్కడికి పట్టాలు తెచ్చింది. 2000లో పుట్టిన రైల్‌టెల్ సంస్థ దేశమంతటా పట్టాల పక్కనే ఫైబర్ వేసుకుంటూ పోవడంతో రైలు జంక్షన్లు చాలావరకు డేటాకూ జంక్షన్లయ్యాయి. ఊరిని ఆనుకొని విమానాశ్రయం, ఆ చుట్టుపక్కలే టీవీలు, ఫోన్ల భాగాలు, చార్జింగ్ కేబుళ్లు తయారుచేసే ఫ్యాక్టరీలు. ఏర్పేడు వైపు పోతే ఐఐటీ, ఐసర్. తూర్పున శ్రీహరికోట, ఆకాశం తేటగా ఉన్న రోజు రాకెట్ లేస్తుంటే మిద్దెక్కి చూడొచ్చు. ఇన్ని పెట్టుకొని కూడా, పండక్కి ఊరికి రావాలంటే ముందుగా ఫోన్ చేసి ‘నాయనా, నెట్ వస్తా ఉందా?’ అని అడిగే సాఫ్ట్‌వేర్ పిల్లలు ఈ పల్లెల్లో ఇంకా ఉన్నారు.

వాళ్లు అడిగేది వేగం గురించి కాదు. కంపెనీలు అమ్మేది మాత్రం వేగమే. కరపత్రం మీద 100 ఎంబీపీఎస్, 300 ఎంబీపీఎస్ అని లావు అక్షరాల్లో ఉంటుంది. నెలలో ఎన్ని గంటలు లైను బతికి ఉంటుందో ఏ కరపత్రమూ చెప్పదు. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస వేగం 2023 వరకు 512 కేబీపీఎస్, ఆ తర్వాత 2 ఎంబీపీఎస్. ఇది మరీ తక్కువే. కానీ ఒక వీడియో కాల్ సాఫీగా సాగడానికి కావలసింది నిజానికి రెండు మూడు ఎంబీపీఎస్. ఒకరు ఆఫీసు పనిలో, ఒకరు ఆన్‌లైన్ క్లాసులో, ఇంకొకరు సీరియల్లో ఉన్న ఇంటికి 20 ఎంబీపీఎస్ ధారాళంగా సరిపోతుంది, అది ఆగకుండా వస్తే. శ్రీవారి 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో వదిలే ఉదయం 10 గంటలకు ఈ సంగతి తిరుపతి చుట్టుపక్కల అందరికీ బోధపడుతుంది. ఆ పేజీకి కావలసిన డేటా అత్యల్పం. కావలసిందల్లా ఆ కొద్ది నిమిషాలు లైను పోకుండా ఉండడం.

లైను పోకుండా ఉండడానికి ఇంజినీర్ల దగ్గర ఒక లెక్క ఉంది. అందులో 99 శాతం అనే మాట వినడానికి బాగుంటుంది గానీ, ఏడాదిలో 1 శాతం అంటే 87 గంటల పైచిలుకు, అంటే మూడున్నర రోజులు దాటి నెట్ లేనట్టే. పైగా మన ఇంటికి వచ్చే దారి ఒక్క ముక్క కాదు. ఇంట్లో పెట్టె, స్తంభం నుంచి ఇంటికి వేసిన డ్రాప్ వైరు, ఊరి మీదుగా పోయే లైను, కేబులాయన గదిలోని యంత్రం, అక్కణ్నుంచి పట్నానికి పోయే దారి. ఈ అయిదూ వరసగా ఉన్నాయి; ఏ ఒక్కటి పోయినా అంతా పోయినట్టే. ఒక్కొక్కటి 99 శాతం పనిచేస్తుందనుకుంటే, అయిదింటినీ గుణిస్తే వచ్చేది 95 శాతమే. ఏడాదికి దాదాపు 18 రోజులు. ఎవరి భాగం వాళ్లు బాగానే చూసుకుంటున్నా ఊరికి మాత్రం నెట్ సరిగ్గా రాదు. ‘మా వైపు అంతా ఓకే సార్’ అని కస్టమర్ కేర్ చెప్పే మాట చాలాసార్లు నిజమే.

ఆ అయిదింటిలో తీగ కథ చెప్పుకోదగ్గది. గాజు లోపల కాంతిని వంపులు తిప్పి తీసుకుపోవచ్చని 1954లో నేచర్ పత్రికలో రాసినవారిలో ఒకరు మన పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. అప్పటి గాజులో కొన్ని మీటర్లు పోయేసరికే కాంతి ఇంకిపోయేది. లోపం కాంతిలో లేదు, గాజులోని మలినాల్లో ఉంది, వాటిని తీసేస్తే కిలోమీటరు దాటాక కూడా నూటికో వంతు మిగులుతుంది, అదే చాలు అని 1966లో చార్లెస్ కావ్ వాదించాడు. ఆ పనికి 2009లో నోబెల్ వచ్చింది. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ ఆ గీత దాటింది. ఈ రోజు వీధిలో వేలాడే నల్ల తీగలో కాంతి కిలోమీటరు పోయినా నూటికి 10 పాళ్లు కూడా తగ్గదు. కాంతి నడిచే నడిమి గాజు మందం 9 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేదు. దాని చుట్టూ ఇంకో రకం గాజు పొర. రెండింటి గుణంలో ఉన్న చిన్న తేడా వల్ల లోపలి కాంతి బయటికి పోలేక ముందుకే సాగుతుంది.

అంత నాణ్యమైన గాజు అయితే ఇంట్లో పెట్టె మీద నెట్ పోయిందని చెప్పే ఎర్ర లైటు ఎందుకు పడుతుంది? కాంతిని పంచుకోవడం వల్ల. కేబులాయన గదిలో ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది. దాని ఒక్కో పోర్టు నుంచి బయలుదేరిన ఒకే గాజు తీగ దారిలో స్ప్లిటర్లనే చిన్న పెట్టెల దగ్గర చీలి 32 ఇళ్లకో 64 ఇళ్లకో పోతుంది. చెరువు తూము నుంచి వచ్చిన నీళ్లు కాలువలుగా చీలినట్టు, చీలిన ప్రతిచోటా కాంతి బలం తగ్గుతుంది. పోలిక అంతవరకే, నీళ్లలా కాకుండా, ప్రతి కాలువలోనూ అందరి సమాచారమూ పారుతుంది, తన పేరున్నదాన్నే ఇంటి పెట్టె విప్పుకుంటుంది. జీపాన్ అనే ఈ పద్ధతిలో ఒక పోర్టుకు కిందికి వచ్చే వేగం సెకనుకు 2.5 గిగాబిట్లు. రాత్రి 8 గంటలకు సీరియళ్ల వేళ వీధంతా పంచుకొనేది దాన్నే. పల్లెలో అది పెద్ద ఇబ్బంది కాదు. ఇబ్బంది కాంతి బలంతోనే.

ఆ బలాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 3 డెసిబెల్స్ తగ్గితే సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతైనట్టు. ఓఎల్‌టీ దగ్గర సుమారు ప్లస్ 3తో బయలుదేరుతుంది. 32 చీలికలకు 17 పోతుంది. ఆరు కిలోమీటర్ల తీగకు, జాయింట్లకు కలిపి ఇంకో మూడున్నర. ఇంటికి చేరేది మైనస్ 17, 18. సాధారణంగా వాడే పెట్టె మైనస్ 27 దాకా చదవగలదు, అంటే బయలుదేరిన కాంతిలో వెయ్యో వంతు చేరినా చాలు. ఇంత వెసులుబాటు ఉంది కదా అని మొదట్లో ఎవరూ పట్టించుకోరు. డ్రాప్ వైరును కిటికీ సందులో మడిచి మేకు కొడతారు; గాజును ఎక్కువ వంచితే కాంతి పక్కలకు కారిపోతుంది, అక్కడ మూడు పోయినట్టు. కనెక్టర్ మూత లేకుండా వదిలేస్తారు, దుమ్ము పడి ఇంకొకటి. జాయింట్ పెట్టెలోకి మట్టి, తేమ చేరి మరి రెండు. ఇప్పుడు మైనస్ 24. నెట్ వస్తూనే ఉంటుంది, అందుకే ఎవరికీ తెలియదు. నవంబరు వాన ఒకటి పడి మరో నాలుగు పోతే ఎర్ర లైటు. అప్పుడు వానను తిట్టుకుంటాం.

కేబులాళ్ల భాషలో దీని పేరు ‘లాసు’. ‘మీకు లాసు ఎక్కువుందన్నా’ అంటారు. చేతిలో ఇమిడే పవర్ మీటరుతో అరనిమిషంలో కొలిచే అంకె అది. కనెక్షన్ ఇచ్చిన రోజే ఆ అంకె అడిగి పెట్టె వెనకాల రాసి పెట్టుకున్న ఇల్లు నాకు ఇంతవరకు కనబడలేదు. గ్యాస్ బండ బరువు తూచి తీసుకునే జనం మనం, ఇది మాత్రం అడగం.

తీగ ఎక్కడ తెగిందో కనిపెట్టడం కూడా కష్టమేమీ కాదు. ఓటీడీఆర్ అనే యంత్రం తీగలోకి కాంతి మెరుపు ఒకటి వదిలి, తెగిన చోటు నుంచి తిరిగొచ్చేదాకా కాలాన్ని కొలుస్తుంది. పది మైక్రోసెకన్లకు తిరిగొస్తే తెగింది కిలోమీటరు దూరంలో. చిన్న ఆపరేటర్ల దగ్గర అది ఉండకపోవచ్చు, ఎర్ర లేజర్ పెన్నుతో సరిపెట్టుకుంటారు. తెగిన చోట, మడత పడ్డ చోట తీగ ఎర్రగా వెలుగుతుంది. రెండు కొసలనూ విద్యుత్ మెరుపుతో కరిగించి అతికే యంత్రం ఇంకోటి కావాలి. అతుకు సరిగ్గా పడితే పోయే కాంతి లెక్కలోకి రానంత. ఆ యంత్రం ఖరీదైంది, ప్రతి కేబులాయన దగ్గరా ఉండదు. మన రెండు రోజులు పోయేది ఇక్కడే: యంత్రం కోసం, దాన్ని పట్టుకొచ్చే మనిషి కోసం.

ఇంతకీ తీగ ఎందుకు తెగుతుంది? స్తంభాల మీద ఉంది కాబట్టి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 2015లో పుట్టినప్పుడు చేసిన తెగువైన నిర్ణయం అది. భూమి తవ్వి గొట్టాలు వేస్తే ఏళ్లు పడుతుంది, వేల కోట్లవుతుంది. కరెంటు స్తంభాలు ప్రతి ఊరికీ ఎప్పుడో చేరాయి కదా, వాటి మీదే లాగుదాం అన్నారు. అలా సుమారు 24,000 కిలోమీటర్ల ఫైబర్ తొలి దశలో 333 కోట్లతో రాష్ట్రమంతా పాకింది. 2016 చివర కోనసీమలోని మోరి గ్రామంలో ప్రయోగం, 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా వెలగపూడిలో ప్రారంభం. నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోను. అప్పట్లో ఆ ధర విని నమ్మనివాళ్లే ఎక్కువ.

ఆ నిర్ణయం తప్పని నేననను. 2011లో అనుమతి పొందిన కేంద్ర పథకం, తర్వాతి కాలంలో భారత్‌నెట్ అయినది, తవ్వకాల అనుమతుల్లోనే ఏళ్లకేళ్లు నలిగింది. స్తంభం మీది తీగ పంచాయతీకి తొందరగా వచ్చింది. తెగితే కంటికి కనబడుతుంది కూడా. కానీ స్తంభం మీది తీగకు శత్రువులు ఎక్కువ. వరిగడ్డి ఎత్తుగా వేసుకొచ్చే ట్రాక్టరుకు కాస్త కిందికి జారిన తీగ తగిలితే చాలు. కోతులు ఊగుతాయి, ఉడుతలు కొరుకుతాయి. లైన్‌మన్ పాత స్తంభం మార్చినప్పుడు పైనున్న కరెంటు తీగలకు ఇచ్చే మర్యాద కింద వేలాడే నల్ల తీగకు దక్కదు. స్తంభాలు తిరుపతిలో ప్రధాన కార్యాలయమున్న విద్యుత్ పంపిణీ సంస్థవి, తీగ ఇంకొకరిది, దాని మీద ఇంటికి కనెక్షన్ ఇచ్చే కేబులాయన మూడో మనిషి. భూమిలో వేసిన తీగకు ఉన్న శత్రువు ఒక్కటే, జేసీబీ. తవ్వేముందు కింద ఏముందో అడిగి తెలుసుకోవడానికి కేంద్రం 2023 మార్చిలో ఒక యాప్ పెట్టింది. తవ్వేవాడు ఫోన్ తీసి చూస్తేనే దాని వల్ల ఉపయోగం.

తీగ సంగతి ఇలా ఉంటే, కరెంటు సంగతి ఇంకా చిన్నచూపుకు గురైంది. గాజుకు కరెంటు అక్కర్లేదు. జీపాన్ గొప్పదనమే అది: ఓఎల్‌టీకీ మీ ఇంటికీ మధ్య ఎక్కడా ప్లగ్గు ఉండదు, స్ప్లిటర్ ఉత్త గాజే. పాత పద్ధతిలో కేబులాళ్లు వీధి స్తంభానికి డబ్బా కట్టి, లోపల స్విచ్చి పెట్టి, అక్కణ్నుంచి రాగి లాన్ వైర్లు ఇళ్లకు లాగేవారు. కరెంటు పోతే ఆ డబ్బా పోయేది, పిడుగు పడితే వైరు వెంట ఇంట్లోకి వచ్చి రౌటరును కాల్చేది. ఇప్పటికీ కొన్ని వీధుల్లో అలాంటి డబ్బాలు వేలాడుతున్నాయి. మీ ఇంటికి గాజు తీగ వస్తోందా, లాన్ వైరు వస్తోందా అన్నది వేగం కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

గాజు తీగ వచ్చినా, రెండు కొసల్లో కరెంటు కావాలి. మన కొసది తేలిక. ఇంటి పెట్టె, రౌటరు కలిసి తినేది పదీ పన్నెండు వాట్లు. 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీలో కాగితం మీద 84 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. నష్టాలు తీసేసినా అయిదు గంటలు నడుస్తుంది. ఇంట్లో ఇన్వర్టరుంటే మాటే లేదు. అవతలి కొసలో, కేబులాయన గదిలో, బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందన్నది మీకు తెలియదు. సెల్ టవరుకూ ఇదే ప్రశ్న. ఇందులో రేణిగుంటవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిరాకు ఉండాలి: టెలికాం టవర్లకు, యూపీఎస్‌లకు బ్యాటరీలు చేసి పేరు తెచ్చుకున్న అమరరాజా 1985లో మొదలై పెరిగింది ఈ మండలంలోని కరకంబాడిలోనే.

తీగ గొడవ లేకుండా గాలిలో తెచ్చుకుంటే? 2023 సెప్టెంబరు నుంచి జియో, దానికి కాస్త ముందు ఎయిర్‌టెల్, 5జీ సిగ్నల్‌ను మిద్దె మీది యాంటెన్నాతో పట్టి ఇంటికిచ్చే ఎయిర్‌ఫైబర్ అమ్ముతున్నాయి. మైదానంలో, టవరు కంటికి కనబడే ఇంట్లో ఇది చక్కగా పనిచేస్తుంది. కానీ మన ఉత్తరాన శేషాచలం ఉంది. మామండూరు దాటి కోడూరు వైపు పోయే దారిలో కొండ వెనకాల సిగ్నల్ ఎందుకు జారుతుందో చెప్పనక్కర్లేదు. కొండ లేకపోయినా మామిడి తోట ఉంది, అది అంత సులువుగా అర్థం కాదు. రేడియో తరంగం దారంలా సన్నగా పోదు, మధ్యలో ఉబ్బుతుంది. రెండు యాంటెన్నాల మధ్య అయిదు కిలోమీటర్లుంటే, 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర నడిమధ్యన ఆ ఉబ్బు వ్యాసార్ధం 8 మీటర్లు. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పేరుతో పిలిచే ఈ ప్రాంతంలో సగానికి పైన ఖాళీగా ఉండాలి. చెట్ల మీదుగా అవతలి టవరు దీపం కనబడుతున్నా లింకు సరిగ్గా నిలవకపోవడం దీనివల్లే. ఆకులోని నీరు తరంగాన్ని పీల్చుకుంటుంది కూడా. స్తంభం ఇంకా పైకి లేపుదామంటే, విమానాశ్రయం చుట్టుపక్కల ఎత్తైన నిర్మాణాలకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అనుమతి అడగాలి.

లేజర్‌తో కూడా చూశారు. 2017 డిసెంబరులో గూగుల్ సోదర సంస్థ ఎక్స్, ఫైబర్‌నెట్ కోసం రెండు వేల లేజర్ లింకులు ఇస్తానని ప్రకటించింది. స్తంభం నుంచి స్తంభానికి, తీగ లేకుండా, కంటికి కనబడని కాంతి కిరణం. 20 కిలోమీటర్ల దాకా, సెకనుకు 20 గిగాబిట్లు. ఆకాశంలో నెట్ పంచే బెలూన్ల మధ్య వాడిన పరికరాల నుంచి పుట్టిన ఆలోచన ఇది. తర్వాత తారా అనే పేరుతో కెన్యా పోయింది, ఆఫ్రికాలో కాంగో నదిని దాటింది. నది మీద, లోయ మీద, తీగ లాగలేని చోట దాని విలువ నిజమైనది. పల్లె వీధిలో చివరి ఇంటికి మాత్రం అది జవాబు కాదు. పొగమంచు దానికి పడదు, గురి తప్పితే అంతే సంగతులు.

ఇక ఉపగ్రహాలు. శ్రీహరికోట నుంచి 2018 నవంబరు 14న ఎగిరిన జీశాట్-29 లాంటివి భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మీ మాట పైకి పోయి కిందికి రావాలి, జవాబు మళ్లీ పైకి పోయి కిందికి రావాలి. కాంతి వేగంతోనైనా అరసెకను. వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టి ఇద్దరూ ఆగిపోయే ఇబ్బంది అక్కడిదే. వన్‌వెబ్ ఉపగ్రహాలు 1,200 కిలోమీటర్ల ఎత్తున, స్టార్‌లింక్‌వి 550 దగ్గర తిరుగుతాయి కాబట్టి ఆ జాప్యం వాటికి లేదు. వన్‌వెబ్‌వి 72 ఉపగ్రహాలు 2022 అక్టోబరులో, 2023 మార్చిలో మన మిద్దెల మీద నుంచి కనబడేంత దగ్గరే, శ్రీహరికోటలోనే ఎగిరాయి. స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో మన దేశంలో లైసెన్సు వచ్చింది. వీటి తరంగాలు ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల పొడవువి. పెద్ద వానచినుకు కొన్ని మిల్లీమీటర్లు. పొడవులు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు చినుకు తరంగాన్ని చెదరగొడుతుంది, పీల్చేస్తుంది. తిరుపతి దగ్గరి గాదంకిలో వాతావరణాన్ని గాలించే రాడార్ 53 మెగాహెర్ట్జ్ దగ్గర, అయిదున్నర మీటర్ల పొడవున్న తరంగాలతో పనిచేస్తుంది. దానికి వాన అడ్డమే కాదు. కానీ అంత పొడుగు తరంగాల మీద ఇంటింటికీ వీడియో నడపలేం. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగిన రోజుల్లాంటి కుండపోతలో, తీగ తెగినప్పుడే ఉపగ్రహ లింకు కూడా తడబడుతుందన్నమాట. అయినా అడవి అంచు తోట ఇళ్లకు, స్తంభమే పోని చోట్లకు, అదే దిక్కు.

కాబట్టి, రోజూ నెట్ మీద బతికే ఇంటికి ఒక్క దారి చాలదు. ఏడాదికి 18 రోజులు పోయే లైన్లు రెండు తీసుకుంటే, రెండూ ఒకేసారి పోయే కాలం లెక్క ప్రకారం 21 గంటలకు పడిపోతుంది. ఏ ఒక్కదాన్నీ బాగుచేయకుండానే! ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉంది: ఒకటి పోవడానికీ ఇంకొకటి పోవడానికీ సంబంధం ఉండకూడదు. ఇద్దరు ఆపరేటర్ల తీగలూ ఒకే స్తంభాల మీద వస్తుంటే గడ్డి ట్రాక్టరు రెండింటినీ ఒకే దెబ్బకు తెంపుతుంది, రెండు బిల్లులు మాత్రం విడివిడిగా వస్తాయి. తీగ ఒకటి, సెల్ సిగ్నల్ ఒకటి అయితే మేలు. అదీ ఆ టవరుకూ కేబులాయన గదికీ వేర్వేరు లైన్ల కరెంటు అయితే.

ఇంట్లో మాట ఒకటి మిగిలింది. ‘నెట్ రాలేదు’ అన్న ఫిర్యాదుల్లో కొన్ని వైఫై ఫిర్యాదులే. రాతి గోడల పాత మిద్దెల్లో, ముందు గదిలో పెట్టిన రౌటరు సిగ్నల్ వెనక వసారాకు చేరదు. 5 గిగాహెర్ట్జ్ వేగమెక్కువ, గోడ దాటే సత్తువ తక్కువ, 2.4 దానికి తలకిందులు. ఆఫీసు పని చేసే బల్లకు పది మీటర్ల లాన్ వైరు లాగించుకుంటే ఆ పోరు తీరుతుంది.

కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు ఎంబీపీఎస్ ఎన్ని అని అడగడం మానేయమనను. దానితో పాటు, ఇంట్లో పెట్టె దగ్గర కాంతి మైనస్ ఎంత వస్తోందో చూపించమనండి. 25 దాటితే డ్రాప్ వైరు మళ్లీ వేయమనండి. అతికే యంత్రం ఆయన సొంతమా, ఇంకొకరి దగ్గర తెచ్చుకోవాలా అని అడగండి. కరెంటు పోతే ఆయన గదిలో ఓఎల్‌టీ ఎన్ని గంటలు ఆగుతుందో కూడా. ఈ చివరి ప్రశ్నకు ఆయన తల గోక్కోకుండా అంకె చెబితే, ఆ కనెక్షన్ నెలకు వంద ఎక్కువైనా తీసుకోవచ్చు.